ఓడ కొనక మునుపు

ఓడను కొనుట వేఱు, ఓడను నడపుట వేఱు. ధనమున్నవాడు ఏ దేశమునందైనను ఓడను కొనవచ్చును. కాని గాలి మాఱినపుడు తెరచాపను ఏ వైపునకు త్రిప్పవలెనో, చుక్కానిని ఎంతమాత్రము ఒత్తవలెనో ధనము చెప్పజాలదు. ఈ భేదమును చిన్ననాడే గ్రహించిన యొక రాజు వృత్తాంతమును మేమిప్పుడు శ్రోతలకు విన్నవింపదలచితిమి. అతడు రష్యాదేశపు మొదటి పీటరు.

పీటరు 1672లో జన్మించెను. ఆనాటి రష్యాకు భూమికి కొదవలేదు. సముద్రమునకు దారి మాత్రము ఇఱుకు. బాల్టిక్ తీరము స్వీడనువారి యధీనము. నల్లసముద్రము తురుష్కులది. పశ్చిమ దేశములతో ఓడ వర్తకమునకు మిగిలినది ఉత్తరమున శ్వేతసముద్రపు దిక్కుననున్న ఆర్ఖాంగెల్స్క్ రేవొక్కటియే. అదియు శీతకాలమున మంచు గట్టి మూతపడును. నౌకాదళమన్న మాటయే ఆ దేశమున లేదు.

1688లో మాస్కో సమీపమున ఇజ్మాయిలోవో గ్రామములో, తన వంశపు పెద్ద యొకరి పాత సామానుల కొట్టున, ఒక చివికిన పడవ పీటరు కంటబడెను. దాని పొడవు సుమారు 7 మీటర్లు. ఇది యేమి పడవయని తన వెంటనున్న డచ్చి గురువు ఫ్రాంజ్ టిమ్మర్‌మన్‌ను అడిగెను. ఇంగ్లీషు పడవయనియు, ఎదురుగాలికి సైతము తెరచాపతో పోగలదనియు అతడు బదులుచెప్పెను. పీటరునకు ఆశ్చర్యము కలిగెను గాని నమ్మిక కలుగలేదు.

నిజమునకు ఏ పడవయు గాలికి సూటిగా ఎదురుపోదు. ఒకమాఱు కుడికి, ఒకమాఱు ఎడమకు ఏటవాలుగ సాగుచు, ప్రతి మలుపున చాపను మార్చుకొనుచు, మెల్లమెల్లగా ముందునకు జరుగును. ఎదురుగాలి వచ్చినపుడు చాప దించి, గట్టునబడి త్రాటితో పడవను లాగుకొనిపోయిన మన గోదావరి కాలువల పడవవారి కష్టము నెఱిగిన పెద్దలకు ఈ నేర్పు విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ పడవను బాగుచేయుటకు కార్‌స్టెన్ బ్రాంట్ అను డచ్చి వృద్ధుడు దొరికెను. పీటరు తండ్రి కాలమున ఓడలు కట్టుటకై రప్పింపబడి, ఆ పని నిలిచిపోగా, మాస్కోలో వడ్రంగము చేసికొని బ్రతుకుచున్నవాడతడు. అతడు కొయ్య నిలిపి, చాప యెత్తి, యౌజా నదిమీద పడవను ఇటునటు త్రిప్పి చూపెను. పీటరు తానును చుక్కాని పట్టెను. ఏఱు ఇఱుకగుటచే పడవ మాటిమాటికి గట్టును కొట్టుకొనుచుండెను. పిదప చెఱువునకు మార్చిరి, అదియు చాలలేదు. తుదకు మాస్కోకు నూఱు కిలోమీటర్లకు పైగా దూరమున ప్లెష్చేయెవో సరస్సు చేరి, అచ్చట కొత్త పడవలు కట్టించి నేర్చుకొనెను. ఏఱు, చెఱువు, సరస్సు: ఈ వరుసలోనే అతని నావికవిద్య పెరిగినది.

ఇక మిగిలినది సముద్రము. తల్లి నటాలియాకు కొడుకు నీటిమీది ఆట ప్రాణసంకటముగ నుండెను. ఓడలను చూచుటయే గాని ఎక్కి పోరాదని మాట తీసికొని, 1693లో ఆర్ఖాంగెల్స్క్ పోవుటకు అనుమతించెను. కడలిని చూచిన కుమారునికి ఆ మాట నిలువలేదు. 12 ఫిరంగులు గల చిన్న ఓడనెక్కి, స్వదేశములకు మరలిపోవు విదేశపు వర్తక నౌకలను సాగనంపుచు శ్వేతసముద్రమున ప్రవేశించెను. 44 ఫిరంగుల యుద్ధనౌకను హాలెండులో కొనుటకు ఆమ్‌స్టర్‌డామ్ నగరాధికారి విట్సెన్ ద్వారా ఏర్పాటు చేసినది కూడ ఆ యేడే.

1694 ఆరంభమున తల్లి మరణించెను. ఆ వేసవిలో సొలొవెత్స్కీ మఠమునకు పోవుచు పీటరు ఘోరమైన తుపానులో చిక్కుకొనెను. ఓడలోనివారు అంత్యప్రార్థనలు చేసికొనిరి. అపుడు అంతిప్ అను స్థానికుడైన సరంగు చుక్కాని పట్టి, రాళ్ళ నడుమనున్న సన్నని దారిగుండ ఉనా అఖాతములోనికి ఓడను చేర్చి అందఱిని కాచెను. పీటరు స్వహస్తములతో కొయ్య సిలువ చేసి ఆ ఒడ్డున నాటెను. కొన్నివారములకే హాలెండునుండి కొనిన నౌక రేవు చేరినది. మొదటి పడవను పట్టిన ఆఱేండ్లకు మొదటి కొనుగోలు చేతికందినదన్నమాట.

అంతటితో అతడు తృప్తినొందలేదు. 1697లో 50 మందికి పైగా ప్రభుపుత్రులను విదేశములకు పంపి, పటము, దిక్సూచి, ఓడ నడపు విధము నేర్చి, యోగ్యతాపత్రముతోనే తిరిగిరావలెనని శాసించెను. తానును మాఱుపేరుతో బయలుదేఱి, ఆమ్‌స్టర్‌డామున డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడల కార్ఖానాలో నాలుగు నెలలకు పైగా గొడ్డలి పట్టెను. మన మచిలీపట్నమున కోఠీ పెట్టిన కంపెనీ అదియే. అచ్చటి పనివారు చేతివాటముచే కట్టుదురే గాని లెక్కప్రకారము పటము గీయుట చెప్పజాలరని గ్రహించి, ఆ విద్యకై 1698లో ఇంగ్లండు పోయెను.

ఈ నౌకాదళము పీటరు నేర్పుచేతనే వెలసినదనుట సరిగాదు. వొరోనెజ్ ప్రాంతమున బలవంతముగ చెట్లు కొట్టి ఓడలు కట్టిన వేలాది రైతుల చెమటయు, ప్రాణములును అందుగలవు. వారి మాట చెప్పక ఈ కథను ముగించుట న్యాయముగాదని మా తలంపు.

1723లో, మరణమునకు రెండేండ్ల ముందు, పీటరు ఆ పాత పడవను బాల్టిక్ నౌకాదళము నడుమకు తెప్పించి ఫిరంగులతో వందనము చేయించెను. అది నేడును సెయింట్ పీటర్స్‌బర్గ్ నౌకా ప్రదర్శనశాలలో నున్నది. విదేశములనుండి యంత్రమును గాని, విద్యను గాని తెచ్చుకొను జాతులన్నియు ఆ చిన్న పడవను ఒకమాఱు తలచుకొనుట మంచిది. వస్తువు ఓడలో వచ్చును. దానిని వాడు నేర్పు మాత్రము ముందుగనే ఇంట అలవడి యుండవలెను.