ఒక అర్జీ, నాలుగేళ్ల రక్షణ: ఎగువ సైలీషియా యూదులు

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఐరోపా సరిహద్దులు మారినప్పుడు లక్షలాది జనం కదలకుండానే పరాయి రాజ్యంలో పడ్డారు. ఇలా ఒక దేశ పౌరులై ఉండి, భాషలోనో మతంలోనో జాతిలోనో అక్కడి అధికసంఖ్యాకులకు భిన్నమైనవారిని జాతీయ అల్పసంఖ్యాకులు అంటారు. 1919లో పోలండ్‌తో మొదలుపెట్టి అనేక కొత్త రాజ్యాల చేత వీరి రక్షణకు సంధులు చేయించి, వాటి పర్యవేక్షణను నానాజాతి సమితికి అప్పగించిన అగ్రరాజ్యాలు, తమ మీద మాత్రం అటువంటి బాధ్యత ఏదీ పెట్టుకోలేదు. ఆ ఏర్పాటులోని మొదటి అన్యాయం అదే. రెండవది, బాధితుడి అర్జీని సమాచారంగా మాత్రమే స్వీకరించేవారు; సమితి మండలిలోని సభ్యదేశం ఏదైనా తలకెత్తుకుంటే తప్ప అది మండలి విచారణకు వచ్చేది కాదు.

దీనికి మినహాయింపు ఎగువ సైలీషియా. బొగ్గుగనులున్న ఆ ప్రాంతాన్ని 1921 నాటి ప్రజాభిప్రాయ సేకరణ తరువాత పంచుకున్న జర్మనీ, పోలండ్‌లు 1922 మే 15న జెనీవాలో పదిహేనేళ్ల ఒడంబడిక చేసుకోగా, దాని 147వ అధికరణం అల్పసంఖ్యాకుడైన ఏ ఒక్క మనిషైనా నేరుగా మండలికే అర్జీ పెట్టుకునే హక్కునిచ్చింది.

1933లో హిట్లర్ ప్రభుత్వం యూదులను ప్రభుత్వోద్యోగాల నుంచి, న్యాయవాద వృత్తి నుంచి తొలగించే చట్టాలు చేసినప్పుడు ఆ హక్కును వాడుకున్నవాడు నాయకుడు కాదు, ఎగువ సైలీషియా పట్టణమైన గ్లైవిట్జ్‌లోని ఒక పెద్ద దుకాణంలో యూదుడైనందుకు పని పోగొట్టుకున్న ఫ్రాంజ్ బెర్న్‌హైమ్ అనే చిరుద్యోగి. మే నెలలో సమితికి చేరిన ఆయన అర్జీ, తన ఒక్కడి గోడుతో ఆగక, కొత్త చట్టాలను పేరుపేరునా చూపి, అవి ఒడంబడికకు విరుద్ధమని నిలదీసింది. తమ దేశీయ చట్టాలు అంతర్జాతీయ బాధ్యతలను కాదనలేవనీ, తప్పు జరిగితే అది కింది అధికారుల పొరపాటనీ జర్మన్ ప్రతినిధి చెప్పవలసి వచ్చింది. అర్జీదారుకు ఆ ప్రాంతంతో తగిన సంబంధం లేదన్న జర్మనీ అభ్యంతరాన్ని న్యాయనిపుణుల సంఘం తోసిపుచ్చింది. జూన్ 6న మండలి ఆయన పక్షాన ఉన్న నివేదికను ఆమోదించింది.

ఫలితం చిన్నది కాదు. జర్మనీ అదే ఏడాది సమితి నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించినా ఒడంబడిక నిలిచింది. యూదుల పౌరసత్వ హక్కులను హరించి, యూదేతరులతో వారి వివాహాలను నిషేధించిన 1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాలు సైతం ఎగువ సైలీషియాలో వెంటనే అమలు కాలేదు. ఆ ప్రాంతపు సరిహద్దు దాటితే అదే జర్మనీలో అదే యూదుడికి ఏ రక్షణా లేదు. బాధితుడు స్వయంగా తట్టగల తలుపు ఒకటి ఉన్నచోటే కాగితం మీది హక్కుకు ప్రాణం వచ్చిందని ఈ తేడా నిరూపిస్తుంది.

1937 జులై 15న ఒడంబడిక గడువు తీరింది. అంతవరకు ఆగిన చట్టాలు ఎగువ సైలీషియాలోనూ అమల్లోకి వచ్చాయి.