సుద్ద, జిగురు, రంగు: కర్నూలు, కడప సీమలో ఇంటి చిత్రశాల

రంగుతో పాటు కాగితం, గుడ్డ, మట్టి, లోహపు రేకు వంటి సరుకులను ఒకే పలక మీద కలిపి కట్టే చిత్రాన్ని మిక్స్‌డ్ మీడియా అంటున్నారు. ఐరోపాలో దీనికి 1912ను మొదలుగా చెబుతారు. ఆ ఏడు పికాసో కుర్చీ అల్లిక అచ్చేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను కాన్వాసుకు అంటించి, చుట్టూ తాడు బిగించాడు. కర్నూలు, కడప సీమకు ఆ పేరు కొత్తదే గాని పని కొత్తది కాదు. రిటైరైన తర్వాత ఇంట్లో ఒక గది ఖాళీ చేసుకుని కుంచె పట్టేవారి చేతికి వచ్చే సుద్ద, జిగురు, ఎర్రమన్ను ఇక్కడ ఎంతో పాతవి. ఇల్లే పనిశాల కావడమూ పాతదే.

ఈ సీమ రంగుల చరిత్ర రాతితో మొదలవుతుంది. బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో, జుర్రేరు లోయలో, సుమారు 74 వేల ఏళ్ళ కిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం ఎగజిమ్మిన బూడిద మందంగా పేరుకుని ఉంది. ఆ బూడిద పొర కింద జరిపిన తవ్వకంలో రాతి పనిముట్లతో పాటు ఒక జాజు రాయి ముక్క దొరికింది. దాని ముఖాల మీద అరగదీసిన గీతలున్నాయి. దీన్ని 2007లో ప్రకటించారు. ఆ రాయిని దేనికోసం అరగదీశారో చెప్పలేం గాని, మనిషి చెయ్యి దాని మీద పడిందన్నది ఆ గీతలే చెబుతాయి. చాలా కాలం తర్వాతివి కర్నూలు వైపు కేతవరం, కడప వైపు ముద్దనూరు దగ్గరి చింతకుంట రాతి చిత్రాలు. కొండచరియల నీడలో ఎరుపు, తెలుపు రంగుల్లో జంతువులు, మనుషులు అక్కడ కనిపిస్తారు. వాటికి వాడిన రంగు నేల సరుకే. బేతంచెర్ల చుట్టుపక్కల జాజు, పసుపు మన్ను, తెల్లమన్ను గనుల్లో ఇప్పటికీ తీస్తున్నారు.

అదే జాజు ఊళ్ళలో గోడ అడుగున ఎర్రపట్టీగా, అరుగు మీద అలుకుగా, ముగ్గుకు నేపథ్యంగా నిలిచింది. మట్టిగోడ మీద సున్నం, సున్నం మీద జాజు, జాజు మీద ముగ్గుపిండి: ఇది కూడా పొరల మీద పొరలుగా సాగే చిత్రమే. దాన్ని చిత్రకళ లెక్కలో వేయకపోవడం మన పుస్తకాల లోటు. పక్క జిల్లా లేపాక్షిలో 16వ శతాబ్దపు కప్పు చిత్రాలనూ ఇలాగే సున్నపు గార మీద మట్టి రంగులతో వేశారు.

కొలువుల కాలంలో చిత్రకారుడికి పోషకుడు నవాబు. 18వ శతాబ్దంలో కర్నూలు పఠాన్ నవాబులు, కడప మయానా నవాబుల నీడలో దక్కన్ శైలికి చెందిన చిన్న చిత్రాలు తయారయ్యాయి. కాగితం మీద రంగు, దాని మీద బంగారం, ఆపై గుండ్రాయితో మెరుగు. ఈ ఆసరా ఎక్కువ కాలం నిలవలేదు. 1779లో హైదరలీ సిద్ధవటం పట్టుకోవడంతో కడప నవాబుల పాలన ముగిసింది. 1839లో కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఈస్టిండియా కంపెనీ గద్దె దించింది.

కొలువు పోయినా చేతిపని పోలేదు, ఇళ్ళలోకి మారింది. అలా నిలిచినవాళ్ళలో చెప్పుకోవలసినవారు జీనిగర్లు. పేరులోనే జీను ఉంది. గుర్రపు జీనులు కుట్టి అలంకరించే వృత్తి వారిది. గుర్రాలూ దండ్లూ పోయాక, తోలు మీద రంగు వేసిన చెయ్యే కొయ్య మీదికి మళ్ళింది. మద్రాసు ప్రభుత్వ కాలపు గ్రంథాల్లో కర్నూలు జిల్లా నంద్యాల, నొస్సం పేర్లు రంగు వేసిన లక్క సామానుతో ముడిపడి కనిపిస్తాయి. ఈ పని ఓపికతో కూడుకున్నది. ముందు పలకను నున్నగా చేయాలి. సుద్దపొడిని జిగురుతో కలిపి పల్చటి ముద్ద చేసి, సన్నటి కుంచెతో తీగ గీయాలి. అది ఆరాక అదే గీత మీద మళ్ళీ ముద్ద పెట్టాలి. అలా నాలుగైదుసార్లు పెడితేగాని తీగ వేలికి తగిలేంత ఉబ్బెత్తుగా లేవదు. తొందరపడి ఒకేసారి దట్టంగా పెడితే ఆరేటప్పుడు నెర్రెలిస్తుంది. ఆ ఉబ్బు మీద బంగారు రేకు, రేకు మీద ఆకుపచ్చ, ఎరుపు రంగులు, అన్నిటి మీదా మెరుగు పూత. కొయ్య, సుద్ద, జిగురు, లోహం, రంగు ఒకే వస్తువులో కలిసిన ఈ పని ఇంటి వసారాలోనే సాగేది. మిక్స్‌డ్ మీడియా అన్న మాటకు ఈ సీమలో ఇంతకన్నా సరైన పాత ఉదాహరణ లేదు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలది ఇంకో దారి. మేకతోలును పల్చగా గీకి, ఉలితో చిల్లులు పొడిచి, రెండు వైపులా రంగులద్దుతారు. తెర వెనక దీపం పెడితేగాని ఆ బొమ్మ పూర్తి కాదు. ఆటలు తగ్గాక అదే తోలు లాంతరు గూళ్ళుగా మారి ఇంటి పనిశాలను బతికించింది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ సీమ ఊళ్ళలో బొమ్మ గీసే చెయ్యికి దొరికిన స్థిరమైన జీవనాధారం బడి. లోయర్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలు, ఆ తర్వాత టీటీసీ అనే ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసినవారు డ్రాయింగు మాస్టర్లయ్యారు. నల్లబల్ల మీద సుద్దముక్కతో కూజా, మామిడికాయ గీయించడంతోనే చాలామంది సర్వీసు గడిచిపోయింది. సొంత చిత్రానికి తీరిక దొరికేది రిటైరయ్యాకే.

ఆ తీరిక కూడా చరిత్ర ఇచ్చినదే. పాత చేతిపనివాడికి విరమణ లేదు. చూపు, చెయ్యి ఆడినంతకాలం పని. వయసుతో ఉద్యోగం ఆపి, నెలనెలా పింఛను ఇచ్చే పద్ధతి ప్రభుత్వ కొలువుతో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ వయసు స్థిరంగా ఉండలేదు. 1983లో 58 నుంచి 55కు దించారు, తర్వాత మళ్ళీ 58 చేశారు, 2014లో 60కి, 2022లో 62కు పెంచారు. నవాబు చేసిన పోషణ ఇప్పుడు పింఛను చేస్తోంది. కొనేవాడి ఇష్టం చూడనక్కర్లేదు గనక దీని స్వేచ్ఛ ఎక్కువ.

పొద్దువాలిన వయసులో మొదలుపెట్టి నిలిచినవారు లోకంలో ఉన్నారు. ఇంగ్లండులో మేరీ డెలానీ 72వ ఏట రంగు కాగితాలు కత్తిరించి నల్లటి నేపథ్యం మీద పూలమొక్కలు అంటించడం మొదలుపెట్టింది. కొన్నిచోట్ల నీటిరంగు, అక్కడక్కడా నిజమైన ఆకు కూడా చేర్చింది. చూపు మందగించేలోగా పదేళ్ళలో వెయ్యికి దగ్గరగా చేసింది. 1919లో మదనపల్లెలో జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ అప్పటికింకా చిత్రకారుడిగా తెలియదు. రాతప్రతుల్లో కొట్టివేతలను బొమ్మలుగా మలుస్తూ అరవై దాటాక చిత్రలేఖనంలోకి వచ్చి, 1930లో పారిస్‌లో ప్రదర్శన పెట్టాడు.

ఇక ఇల్లు. సీమ మట్టిమిద్దెకు కప్పులో వెలుగు కోసం వదిలే గవాచి ఉంటుంది. పైనుంచి పడే ఆ వెలుగు బొమ్మ గీసేవారికి అనువైనదే. కాకపోతే మధ్యాహ్నపు ఎండ నేరుగా పలక మీద పడకుండా పల్చటి తెల్లగుడ్డ కట్టాలి. కింద పరిచిన కడప బండ రంగు ఒలికినా తుడిస్తే పోతుంది, వేసవిలో చల్లగా ఉంటుంది, జిగురు కలపడానికి పళ్ళెంగానూ పనికొస్తుంది. స్లాబు ఇళ్ళలో ఈ వసతి మేడమీది గదికి రాదు. మే నెలలో అక్కడ ఆక్రిలిక్ రంగు కుంచె మీదే ఆరిపోతుంది, అందుకే తెల్లవారుజామునే పని ముగించుకుంటారు, రంగుపళ్ళెం మీద తడిగుడ్డ కప్పుతారు.

పలక సిద్ధం చేయడం దగ్గర పాతా కొత్తా ఒకటవుతాయి. అంగట్లో డబ్బాల్లో అమ్మే జెస్సో అన్నది ఇటాలియన్ మాట. సుద్ద, జిప్సం లాంటి తెల్లమన్నుకు పేరు. అది కొనలేనివారు సుద్దపొడిలో ఫెవికాల్ కలిపి పలకకు పట్టిస్తారు. దట్టంగా కలిపి ఉబ్బెత్తు గీతలకు వాడతారు. ఇది నంద్యాల జీనిగర్ల ముద్దే, జిగురు మాత్రం మారింది. పల్చగా పొరమీద పొర వేయాలన్న నియమమూ మారలేదు. దాని మీద గోనెపట్టా, పాతచీర అంచు, పత్రికల ముక్కలు, జల్లించిన ఎర్రమన్ను చేరతాయి. మన్నును నేరుగా చల్లితే రాలిపోతుంది. జిగురునీళ్ళలో కలిపి పూస్తేనే నిలుస్తుంది.

చిత్రకళలో పైచదువు ఇక్కడికి ఆలస్యంగా వచ్చింది. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడి లలితకళల శాఖను నడిపింది. 2020లో ఆర్కిటెక్చర్, లలితకళలకే ఒక విశ్వవిద్యాలయాన్ని అదే ఊళ్ళో నెలకొల్పారు. అప్పటికి బడుల్లో బొమ్మలు నేర్పిన తరంలో చాలామంది రిటైరైపోయారు.

ఇంటి చిత్రశాలలో చివరి పని వార్నిష్. ఆషాఢపు గాలి లేచాక ఈ పని పెట్టుకుంటే తడి పూత మీద దుమ్ము కూర్చుంటుంది. అందుకే కిటికీలు మూసి, బండ మీద నీళ్ళు చిలకరించి, గాలి పడిపోయిన రాత్రి పూట ఒక పూత పూసి, అది పూర్తిగా ఆరాకే రెండోది వేస్తారు.