మెగ్నీషియం మాత్రలు కొంటున్నారా? డబ్బా ముందున్న పెద్ద నంబర్ కాదు.. వెనకున్న ఈ చిన్న నంబర్ చూడండి!

రాత్రి సరిగ్గా నిద్ర పట్టడం లేదా? పడుకోగానే పిక్కలు పట్టేస్తున్నాయా? ఊరికే టెన్షన్‌గా అనిపిస్తోందా? ఫోన్ తెరిస్తే చాలు.. వీటన్నిటికీ ఒకటే పరిష్కారం అన్నట్టు మెగ్నీషియం మాత్రల వీడియోలు వరుసగా వచ్చేస్తున్నాయి. మెడికల్ షాపుకి వెళ్తే ఆక్సైడ్, సిట్రేట్, గ్లైసినేట్, థ్రియోనేట్ అంటూ రకరకాల డబ్బాలు. ధరల్లోనూ బోలెడు తేడా. తీరా కొని వేసుకుంటే కొందరికి రెండో రోజే విరేచనాలు మొదలవుతాయి. ఇంతకీ ఈ మాత్రలు ఎవరికి అవసరం? ఏ రకం ఎంచుకోవాలి? కడుపు పాడవకుండా ఎలా వేసుకోవాలి? ఎవరు అస్సలు ముట్టుకోకూడదు? పూర్తి వివరాలు చూద్దాం.

ఒంట్లో మెగ్నీషియం పని ఏంటి?

పెద్దవాళ్ల శరీరంలో దాదాపు 25 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. అందులో సగానికి పైగా ఎముకల్లోనే ఉంటుంది. మిగతాది ఎక్కువగా కండరాల్లో, ఇతర కణాల్లో ఉంటుంది. రక్తంలో ఉండేది 1 శాతం కంటే తక్కువే. కండరాలు బిగుసుకుని మళ్లీ వదులవ్వడానికి, నరాలు సరిగ్గా పనిచేయడానికి, గుండె లయ తప్పకుండా ఉండటానికి ఇది కావాలి. షుగర్, బీపీ అదుపులోనూ దీని పాత్ర ఉంది. శరీరంలో 300కు పైగా ఎంజైములు దీని సాయంతోనే పనిచేస్తాయి.

అందుకే ఇది తగ్గితే ఆకలి మందగించడం, వికారం, నీరసం వస్తాయి. లోపం బాగా ముదిరితే తిమ్మిర్లు, కండరాలు పట్టేయడం, గుండె దడ వంటివి కనిపిస్తాయి. అయితే ఇక్కడే ఒక చిక్కుంది. తిమ్మిర్లు షుగర్ వల్ల రావొచ్చు, బీ12 లోపం వల్ల రావొచ్చు. రాత్రిళ్లు కాళ్లు కదపకుండా ఉండలేకపోవడం ఐరన్ లోపంతోనూ రావొచ్చు. కాబట్టి లక్షణం చూసి మెగ్నీషియమే తక్కువైందని మనకి మనమే తేల్చేసుకోవడం కుదరదు.

రోజుకు ఎంత కావాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ కలిసి 2020లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం రోజుకు మగవాళ్లకు 440 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 370 మిల్లీగ్రాములు కావాలి. ఇది తిండి ద్వారా వచ్చేదంతా కలిపి లెక్క. అంటే 440 మిల్లీగ్రాములూ మాత్రల్లోనే తీసుకోమని కాదు!

మాత్రలు, పొడుల రూపంలో తీసుకునే దానికి వేరే పరిమితి ఉంది. అమెరికాలో పెద్దవాళ్లకు రోజుకు 350 మిల్లీగ్రాములు, యూరప్‌లో 250 మిల్లీగ్రాములు దాటొద్దని అక్కడి నిపుణుల కమిటీలు చెప్పాయి. తిండిలో వచ్చేదానికి ఈ పరిమితి వర్తించదు. ఆరోగ్యవంతుల్లో ఎక్కువైనదాన్ని కిడ్నీలు మూత్రంలో బయటకి పంపేస్తాయి. మాత్రల విషయంలో పరిమితి పెట్టడానికి ముఖ్య కారణం విరేచనాలే.

డబ్బా మీద 1000.. లోపల 140!

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మెగ్నీషియం ఒంటరిగా మాత్రలో ఉండదు. ఏదో ఒక పదార్థంతో కలిసే ఉంటుంది. ఉదాహరణకు డబ్బా ముందు 'మెగ్నీషియం గ్లైసినేట్ 1000 మిల్లీగ్రాములు' అని ఉందనుకోండి. అది మొత్తం పదార్థం బరువు. అందులో అసలు మెగ్నీషియం 14 శాతమే, అంటే దాదాపు 140 మిల్లీగ్రాములు. అదే ఆక్సైడ్ అయితే 60 శాతం మెగ్నీషియమే. 500 మిల్లీగ్రాముల ఆక్సైడ్ మాత్రలో 300 మిల్లీగ్రాముల అసలు మెగ్నీషియం ఉంటుంది. చూడ్డానికి 500 కంటే 1000 పెద్దదిగా కనిపిస్తుంది కానీ.. లోపల లెక్క రివర్స్!

అందుకే డబ్బా వెనక పట్టికలో 'ఎలిమెంటల్ మెగ్నీషియం' అని రాసిన అంకె చూడాలి. అది ఒక్క మాత్రకా, రెండు మాత్రలకా అన్నది కూడా గమనించాలి. కొన్ని కంపెనీలు రెండు మూడు మాత్రలు కలిపి ఒక మోతాదుగా లెక్క రాస్తాయి. ఈ అంకె ఎక్కడా లేకపోతే ఆ డబ్బా పక్కన పెట్టేయడమే మంచిది.

ఏ రకం ఎవరికి?

ఆక్సైడ్: ధర తక్కువ, మెగ్నీషియం శాతం ఎక్కువ. కానీ నీటిలో సరిగ్గా కరగదు, ఒంటికి తక్కువగా పడుతుంది. మిగిలింది పేగుల్లోనే ఉండిపోయి విరేచనాలు తెస్తుంది.

సిట్రేట్: ఇందులో 16 శాతం వరకు మెగ్నీషియం ఉంటుంది. ఆక్సైడ్ కంటే బాగా ఒంటపడుతుంది. అయితే మోషన్ వదులు చేస్తుంది. మలబద్ధకం ఉన్నవాళ్లకు అదే ప్లస్. తరచూ కడుపు చెడేవాళ్లకు మాత్రం మైనస్.

గ్లైసినేట్: కొన్ని డబ్బాలపై బిస్‌గ్లైసినేట్ అని ఉంటుంది. సాధారణంగా కడుపుకి తేలిగ్గా ఉంటుందని పేరు. ధర కాస్త ఎక్కువ. కొన్ని కంపెనీలు ఇందులో ఆక్సైడ్ కూడా కలుపుతాయి. 'బఫర్డ్' అని రాసి ఉంటే పదార్థాల జాబితా ఒకసారి చదవండి. గ్లైసినేట్ అని ఎక్కువ డబ్బు పెట్టి ఆక్సైడ్ కొన్నట్టు కాకూడదు కదా!

థ్రియోనేట్: మెదడుకి మంచిదంటూ ఎక్కువ ధరకు అమ్ముతున్న రకం ఇదే. ఇందులో మెగ్నీషియం 8 శాతం వరకే ఉంటుంది. మనుషులపై జరిగిన పరిశోధనలు ఇంకా కొద్దిగానే ఉన్నాయి.

హైడ్రాక్సైడ్: మిల్క్ ఆఫ్ మెగ్నీషియా అని మన ఇళ్లలో ఎప్పటినుంచో తెలిసిన తెల్లటి ద్రవం. ఇది మలబద్ధకానికి, ఎసిడిటీకి వాడేది. రోజూ పోషకంలా తాగేది కాదు.

ఎప్సమ్ సాల్ట్: ఇది మెగ్నీషియం సల్ఫేట్. ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ ఊరి నీటిలో దొరకడం వల్ల ఆ పేరు వచ్చింది. గోరువెచ్చని నీళ్లలో వేసి కాళ్లు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. అయితే చర్మం గుండా మెగ్నీషియం చెప్పుకోదగ్గంత లోపలికి వెళ్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు.

కడుపు పాడవకుండా ఎలా?

పేగులు పీల్చుకోని మెగ్నీషియం చుట్టూ ఉన్న నీటిని పేగుల్లోకి లాగుతుంది. అందుకే మోషన్ నీళ్లలా అవుతుంది, కడుపులో మెలిపెడుతుంది. కాబట్టి మాత్ర పడలేదంటే అన్నిసార్లూ అలర్జీ అని కాదు. మోతాదు, రకం, వేసుకునే పద్ధతి మారిస్తే చాలామందికి సర్దుకుంటుంది.

మొదట 100 మిల్లీగ్రాముల అసలు మెగ్నీషియంతో మొదలుపెట్టి వారం రోజులు చూడండి. కడుపు బాగుంటేనే, అవసరమైతేనే పెంచండి. పరగడుపున వద్దు, భోజనం తర్వాత వేసుకోండి. 200 మిల్లీగ్రాములు కావాలంటే ఒకేసారి కాకుండా ఉదయం, రాత్రి సగం సగం తీసుకోండి. అప్పటికీ విరేచనాలు అవుతుంటే మోతాదు తగ్గించండి, లేదా రకం మార్చండి. రోజుకు నాలుగైదుసార్లు వెళ్లాల్సి వస్తుంటే మాత్రం ఆపేయాలి. ఒంట్లోంచి నీళ్లు, పొటాషియం పోతే అసలుకే మోసం. ముఖ్యంగా పెద్దవయసు వాళ్ల విషయంలో జాగ్రత్త.

కిడ్నీ సమస్య ఉందా? ముందు ఆగండి!

ఈ కథనంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే. ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటకి పంపేది కిడ్నీలే. అవి సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో మెగ్నీషియం పేరుకుపోతుంది. మొదట వికారం, ముఖం వేడిగా ఎర్రబడటం, మగతగా ఉండటం, బీపీ పడిపోవడం, ఒళ్లు తూలడం కనిపిస్తాయి. ఇంకా పెరిగితే కండరాలు చచ్చుబడటం, ఊపిరి ఆడకపోవడం, గుండె లయ తప్పడం వరకు వెళ్తుంది. అది ప్రాణాపాయమే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మనకు తెలిసిందే. షుగర్, బీపీ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లలోనూ కిడ్నీలు చడీచప్పుడు లేకుండా దెబ్బతింటాయి. అందుకే ఇలాంటివాళ్లు మెగ్నీషియం మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని డాక్టర్‌కి చూపించాలి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లు సొంతంగా అస్సలు వేసుకోకూడదు. ఇంకో విషయం.. కొన్ని గ్యాస్ సిరప్‌లలో, మలబద్ధకం మందుల్లోనూ మెగ్నీషియం ఉంటుంది. మాత్ర వేసుకుంటూ అవి కూడా తాగితే లెక్క రెట్టింపవుతుంది.

ఈ మందులు వాడుతుంటే గ్యాప్ తప్పనిసరి

థైరాయిడ్ మాత్ర: పొద్దున్నే పరగడుపున వేసుకునే థైరాక్సిన్‌కి, మెగ్నీషియానికి మధ్య కనీసం 4 గంటల తేడా ఉండాలి. లేదంటే థైరాయిడ్ మందు సరిగ్గా ఒంటపట్టదు. వీళ్లు మెగ్నీషియం రాత్రి భోజనం తర్వాత వేసుకుంటే గొడవే ఉండదు.

యాంటీబయాటిక్స్: సిప్రోఫ్లోక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి మెగ్నీషియంతో కలిసి గడ్డకట్టినట్టయి పనిచేయవు. ఈ మందు మెగ్నీషియానికి కనీసం 2 గంటల ముందు, లేదా 4 నుంచి 6 గంటల తర్వాత వేసుకోవాలి. కోర్సు నాలుగైదు రోజులే అయితే అప్పటివరకు మెగ్నీషియం ఆపేయొచ్చా అని డాక్టర్‌ని అడగండి.

ఎముకల మందులు: అలెండ్రోనేట్ లాంటివాటికి కనీసం 2 గంటల గ్యాప్ కావాలి.

దీనికి రివర్స్ కేసు కూడా ఉంది. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి వాడితే కొందరిలో మెగ్నీషియమే తగ్గిపోతుంది. దీనిపై అమెరికా ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. కొన్ని రకాల మూత్రం మాత్రలు, అదుపులో లేని షుగర్, అతిగా మద్యం కూడా మెగ్నీషియాన్ని తగ్గిస్తాయి. నిజంగా లోపం వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నది ఇలాంటివాళ్లకే. వీళ్లు రీల్ చూసి కాదు, రక్తపరీక్ష చేయించుకుని డాక్టర్ చెప్పినట్టు వాడాలి. పరీక్షలో కనిపించేది రక్తంలో ఉన్న కొద్దిపాటి మెగ్నీషియమే కాబట్టి, రిపోర్ట్‌తో పాటు లక్షణాలు, వాడుతున్న మందులు కూడా డాక్టర్ చూస్తారు.

ఇంతకీ నిద్ర పడుతుందా?

నిజం చెప్పాలంటే ఆధారాలు ప్రచారం జరుగుతున్నంత గట్టిగా లేవు. పెద్దవయసు వాళ్లపై జరిగిన 3 ట్రయల్స్‌ని కలిపి 2021లో ఒక సమీక్ష వచ్చింది. మొత్తం పాల్గొన్నది 151 మంది. మెగ్నీషియం తీసుకున్నవాళ్లకు నిద్ర పట్టే సమయం దాదాపు 17 నిమిషాలు తగ్గింది. కానీ ఆ ట్రయల్స్ నాణ్యత తక్కువని సమీక్ష రాసినవాళ్లే చెప్పారు. ఇక కాళ్లు పట్టేయడం విషయానికొస్తే, పెద్దవయసు వాళ్లలో మెగ్నీషియంతో చెప్పుకోదగ్గ ప్రయోజనం ఉండకపోవచ్చని 2020లో కాక్రేన్ సమీక్ష తేల్చింది.

అంటే ఇది నిద్రమాత్ర కాదు. లోపం ఉన్నవాళ్లకు సాయపడొచ్చు, లేనివాళ్లకు తేడా తెలియకపోవచ్చు. నాలుగు వారాలు వాడినా మార్పు లేకపోతే ఇంకో డబ్బా కొనడం కంటే కారణం వెతకడమే నయం. సాయంత్రం టీ, కాఫీలు, పడక మీద ఫోన్, గట్టిగా గురకపెట్టడం.. వీటిలో ఏదో ఒకటి కారణమై ఉండొచ్చు.

మన వంటింట్లోనే ఉంది!

గుప్పెడు, అంటే 28 గ్రాముల వేయించిన గుమ్మడి గింజల్లో దాదాపు 150 మిల్లీగ్రాములు, అంతే బాదంలో 80 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటుంది. 100 గ్రాముల రాగుల్లో 140 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పల్లీలు, నువ్వులు, సజ్జలు, శనగలు, పెసలు, పాలకూర, తోటకూర అన్నీ మంచివే. బియ్యం బాగా పాలిష్ పట్టేకొద్దీ తవుడుతో పాటు మెగ్నీషియం కూడా పోతుంది. రోజూ ఒకపూట రాగి సంగటో, జొన్నరొట్టెనో, పల్లీ పచ్చడో ఉంటే చాలామందికి మాత్ర అవసరమే రాకపోవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఆహారంలో మార్పులు కూడా డాక్టర్‌ని అడిగే చేయాలి.

కొనే ముందు ఈ 5 చూడండి

1. ఎలిమెంటల్ మెగ్నీషియం ఎంత? ఎన్ని మాత్రలకి?
2. ఏ రకం? మీ కడుపుకి అది పడుతుందా?
3. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్, గడువు తేదీ ఉన్నాయా?
4. మల్టీవిటమిన్, గ్యాస్ సిరప్‌లో ఇప్పటికే మెగ్నీషియం వస్తోందా?
5. కిడ్నీ, గుండె సమస్య, రోజూ వాడే మందులు ఉన్నాయా? గర్భిణులా? అయితే కొనే ముందే డాక్టర్‌ని కలవండి.

ఒక మనిషికి పడిన మాత్ర పక్కింటివాళ్లకి పడాలని లేదు. ఇంట్లో అమ్మానాన్నలకు పార్శిల్ పంపే ముందు వాళ్ల క్రియాటినిన్ రిపోర్ట్, రోజూ వేసుకునే మందుల చీటీ ఒకసారి అడిగి చూడండి. ఇక్కడ చెప్పింది అవగాహన కోసమే.. మీకు ఎంత మోతాదు కావాలన్నది మీ డాక్టరే చెప్పాలి.