గంజాం సీమలో క్రైస్తవుల పవిత్ర స్థలం

రంభలో దిగి చిల్కా ఒడ్డుకు వెళ్లినవారికి స్థానికులు చూపించేది స్నాడ్‌గ్రాస్ భవనం. ఈస్టిండియా కంపెనీ తరఫున గంజాం పాలన చూసిన ఆ దొర 1790ల తొలినాళ్లలో దానిని కట్టించాడు. తరువాత అది ఖల్లికోట జమీందారుల పరమైంది. కట్టడమే చరిత్ర అనుకుంటే మన పని అక్కడితో ముగుస్తుంది. కాని ఈ సీమ తెలుగు క్రైస్తవుల చరిత్ర వెదకబోతే, అసలు ఒక చోటు ఎందువల్ల పవిత్రమవుతుందన్న ప్రశ్న ముందుకు వస్తుంది.

జనరల్ బాప్టిస్టు మిషనరీలు బాంప్టన్, పెగ్స్ 1822లో కటకం చేరారు. మరుసటి ఏడు బాంప్టన్ పూరీకి మారాడు. అక్కడ పవిత్రత క్షేత్రానిది. దేవుడున్న చోటికే జనం నడిచి వస్తారు. ఏళ్లు గడిచినా బాంప్టన్ మాట విని మతం మారినవారు లేరు. చివరికి 1827 డిసెంబరు 25న, చిల్కాకు ఇవతల, ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురంలో ఒకరు బాప్తిస్మం పొందారు. ఇంగ్లీషు రాతల్లో 'ఎరన్' అని కనిపించే ఆయన తెలుగువాడు. మన ఎర్రన్నే అలా మారి ఉండవచ్చునని మా ఊహ. తొలి ఒడియా విశ్వాసి గంగాధర్ సారంగి బాప్తిస్మం ఆ తరువాత, 1828 మార్చిలో జరిగింది. అంటే ఒరిస్సా మిషను తొలి ఫలం తెలుగువాడే.

బాప్టిస్టుల దృష్టిలో ఏ నీటికీ సొంత మహిమ లేదు. చెరువైనా, ఏరైనా మనిషి మునిగే లోతుంటే చాలు. ఇద్దరు ముగ్గురు క్రీస్తు పేర కూడితే ఆయన అక్కడుంటాడన్న సువార్త మాటే వారికి ఆధారం. కతోలికుల పద్ధతి వేరు. వారికి బలిపీఠం అభిషేకం పొందాలి. దివ్యసత్ప్రసాదం ఉన్న చోట మోకరిస్తారు. 1974లో ఏర్పడిన బరంపురం మేత్రాసనంలోనూ ఆచారం ఇదే.

నిత్యజీవితంలో ఈ తేడా అంతగా కనబడదు. గుమ్మం బయట చెప్పులు విడవడం, తలమీద కొంగు కప్పుకోవడం, చాపమీద కూర్చోవడం తెలుగు ఊళ్లలో ఇరువురికీ అలవాటే. అసలు పరీక్ష బల్లారాధన దగ్గర వస్తుంది. కులం పాటించే ఊళ్లో ఒకే రొట్టె, ఒకే గిన్నె పంచుకోవడం చిన్న సంగతి కాదు. మతం మారి బంధువుల పంక్తి పోగొట్టుకున్నవారికి ఆ బల్లే కొత్త పంక్తి. కులం లోపలికీ వచ్చి వేరుగా కూర్చున్న చోట మాత్రం పవిత్రత గోడలకే మిగిలింది, మనుషులకు చేరలేదు.

ఒంగోలు ఇందుకు మరో సాక్ష్యం. 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, మరి కొద్దిమంది ఎక్కి ప్రార్థించిన ఉత్త కొండ 'ప్రార్థన కొండ' అయింది. 1878 జులై 3న ఆ ప్రాంతంలోనే, గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కొండనూ ఏటినీ పవిత్రం చేసింది అక్కడ జరిగిన పని, దాన్ని తలచుకునే జనం.

గంజాం 1936లో ఒరిస్సాలో కలిసింది. ఇక్కడి తెలుగు విద్యార్థులు తమకు కట్టడాలు లేవు కనుక చరిత్ర లేదనుకోరాదు. తమ ఇళ్లలో తొలి ప్రార్థన ఏ వసారాలో జరిగింది, ఏ చెరువులో మునిగారు, ఏ భాషలో పాడారు అని పెద్దలను అడిగి రాసిపెట్టుకోవాలి. తలచుకునేవారు పోతే ఆ చోటు మళ్లీ ఉత్త చెరువే.