తుపాకి మరణములు – ప్రభుత్వ పరిశోధన

మన బెంగుళూరు తెలుగు కుటుంబములలో కొడుకో కూతురో మనుమడో అమెరికాలో ఉన్నవి అనేకములు. కావున 2017 ఫిబ్రవరి 22వ తేదీన కాన్సాస్ రాష్ట్రమందలి ఒలేతా పట్టణములో హైదరాబాదునకు చెందిన తెలుగు ఇంజనీరొకరు జాతిద్వేషి తుపాకికి బలియైరనియు, వారి తెలుగు మిత్రుడు గాయపడెననియు తెలిసినప్పుడు ఇక్కడి ఇండ్లలోను కలవరము పుట్టెను. ఆ దేశమున ఇట్టి చావులు ఇన్ని యేల? ఏమి చేసిన తగ్గును? అని మేమును ప్రశ్నించుకొంటిమి. వెదుకగా తెలిసినదేమనగా, ఈ ప్రశ్నను శాస్త్రీయముగా అడుగుటకు అచ్చటి కేంద్ర ప్రభుత్వము అప్పటికి ఇరువది యేండ్లుగా తన ఆరోగ్యశాఖకు సొమ్ము ఇంచుమించు ఈయనేలేదు. ఆ కథయే ఇచ్చట వ్రాయుచున్నాము.

అట్లాంటా నగరమున సి.డి.సి. అని పిలువబడు ప్రభుత్వ ఆరోగ్యసంస్థ కలదు. మలేరియాను అణచుటకై 1946లో పుట్టిన ఈ సంస్థ క్రమముగా ఇతర వ్యాధులను, పిదప ప్రమాదములను, గాయములను సయితము తన పరిశీలనలోనికి తెచ్చుకొనెను. 1992లో గాయముల నివారణకై అందొక ప్రత్యేక కేంద్రమేర్పడెను. మరుసటి యేడు ఆ సంస్థ ధనసహాయముతో డాక్టరు ఆర్థర్ కెల్లర్మన్ బృందము చేసిన పరిశోధన వెలువడెను. తుపాకి యున్న యింట హత్య జరుగు అవకాశము అది లేని యింటికన్న 2.7 రెట్లు అని దాని సారాంశము.

దీనిపై పెద్ద దుమారము రేగెను. తుపాకిదారుల పక్షమున 1871లో స్థాపితమైన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ముందు నిలిచెను. ప్రాణభయమున్నవాడే తుపాకి కొనును గదా, తుపాకివలన అపాయము వచ్చెనా, అపాయమువలన తుపాకి వచ్చెనా యని విమర్శకులు ప్రశ్నించిరి. ప్రజలు కట్టిన పన్నుతో, ముందే నిశ్చయించుకొన్న సమాధానమును శాస్త్రమను పేర ప్రచారము చేయుచున్నారనియు ఆరోపించిరి. ఈ ఆక్షేపణలను తేలికగా త్రోసివేయరాదని మాకు తోచుచున్నది. ఆ గాయముల కేంద్రపు అధిపతి డాక్టరు మార్క్ రోజెన్‌బర్గే సిగరెట్టువలె తుపాకిని జనులు అసహ్యించుకొనవలెనను భావము వచ్చునట్లు పత్రికలవారితో మాటలాడియుండెను. అయినను తప్పులున్న పరిశోధనను మరియొక పరిశోధనతో సరిదిద్దవచ్చును. జరిగినది అది కాదు.

1996లో ఆర్కాన్సాస్ ప్రతినిధి జే డిక్కీ వార్షిక వ్యయ శాసనమున ఒక వాక్యము చేర్పించెను. గాయముల నివారణకు కేటాయించిన ధనమును తుపాకుల నియంత్రణను సమర్థించుటకు గాని ప్రోత్సహించుటకు గాని వాడరాదని దాని తాత్పర్యము. దానితోపాటు సి.డి.సి. పద్దులో 26 లక్షల డాలర్లు ఈ పనినుండి తప్పించి మెదడు గాయములకు మరలించిరి.

గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందిన మాబోటివారికి ఇందలి కిటుకు చదివినంతనే బోధపడును. శాసనమున పరిశోధన చేయరాదను మాట ఎచ్చటను లేదు. కాని మరలించిన మొత్తము, క్రిందటి యేడు తుపాకి పరిశోధనకు ఖర్చైన మొత్తము, రెండును సరిగా ఒక్కటే! ఏ ఫైలుపై సంతకము చేసినందున శాఖకు కోత పడెనో ఏ అధికారియు మరచిపోడు. ఎంతవరకు పరిశోధన, ఎచ్చటనుండి ప్రచారము అన్నది ఆ వాక్యము వివరింపలేదు. వివరింపకుండుటచేతనే దానికి అంత బలము వచ్చెను. సంస్థ తనంతట తానే చేయి ముడుచుకొనెను. రోజెన్‌బర్గ్ 1999లో పదవి వీడెను. 2011 చివర అట్టి వాక్యమునే ఆ దేశపు జాతీయ ఆరోగ్య పరిశోధనాసంస్థలకును వర్తింపజేసిరి.

ఇట్టి పరిశోధనవలన వస్తువే పోవునను భయము ఎంతవరకు సబబు? అమెరికాలో 1966లో మోటారు వాహనముల భద్రతా శాసనము వచ్చెను, రోడ్డు ప్రమాదములను లెక్కించి, శోధించి, సీటు బెల్టులను, దృఢమైన బండ్లను తెచ్చిరి, కార్లు పోలేదు. మన ఊరి నిమ్హాన్స్ వైద్యులును ఏండ్ల తరబడి తలగాయములను లెక్కించినవారే. 2016 జనవరినుండి ఇచ్చట స్కూటరుపై వెనుక కూర్చున్నవారికిని హెల్మెట్టు తప్పనిసరియైనది. మేమును విసుగుకొన్నవారమే, కాని స్కూటర్లు ఎవరును ఊడలాగుకొనలేదు.

ఈ చరిత్రలో మమ్ము మిక్కిలి ఆకర్షించినది డిక్కీ, రోజెన్‌బర్గుల మైత్రి. శాసనసభలో ప్రత్యర్థులుగా ఎదురుపడిన వీరిరువురు మాటలాడుకొనుచు స్నేహితులైరి. 2012 జూలైలో కొలరాడో రాష్ట్రపు అరోరా పట్టణమున సినిమాహాలులో పన్నెండుగురు కాల్పులలో మరణించిన కొలది దినములకే, పరిశోధన జరుగవలెనని ఇరువురును కలిసి వాషింగ్టన్ పోస్టు పత్రికలో వ్రాసిరి. డిక్కీ తన పూర్వ చర్యకు బాహాటముగా విచారము తెలిపెను. ఆయన 2017 ఏప్రిల్‌లో కన్నుమూసెను. ఒలేతా కాల్పులు జరిగి అప్పటికి రెండు నెలలు.

2018 మార్చిలో పరిశోధనకు అడ్డులేదని వ్యయ శాసనమునకు జతచేసిన వివరణలో స్పష్టీకరించిరి. 2019 డిసెంబరులో 2 కోట్ల 50 లక్షల డాలర్లు మంజూరై రెండు సంస్థలకు చెరి సగము పంచబడెను. 2021లో ఆ దేశమున తుపాకి మరణములు 48,830. అందు సగమునకు మించినవి ఆత్మహత్యలే. హంతకులను గూర్చియే వాదులాడువారు ఈ సంఖ్యను తలచుట అరుదు.

మన పొరుగు మండ్య జిల్లా హల్లెగెరె గ్రామమునుండి వెళ్ళిన కుటుంబమువారు డాక్టరు వివేక్ మూర్తి. తుపాకులు ఆరోగ్యసమస్య యని ఒకమారు వ్రాసినందులకు సర్జన్ జనరల్ పదవికి వారి నియామకము ఏడాదికి పైగా నిలిచిపోయి, 2014 డిసెంబరులో గాని ఆమోదము పొందలేదు. రెండవమారు అదే పదవిలో నుండగా, 2024 జూన్‌లో తుపాకి హింసను ప్రజారోగ్య సంక్షోభముగా ప్రకటించిరి. 2025 మార్చిలో, ప్రభుత్వము మారిన పిమ్మట, ఆ ప్రకటన ఆరోగ్యశాఖ వెబ్‌సైటునుండి తొలగింపబడెను. సొమ్ము తిరిగివచ్చిన 2019లోను డిక్కీ వాక్యమును మాత్రము ఎవరును తీసివేయలేదు.