సీ ప్రోగ్రాములో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్: చదవడం, మార్చడం, తెలుగుకు వాడుకోవడం

మన సభ్యుల ఇళ్లలో ఇంజనీరింగు, డిప్లొమా, బీసీఏ చదివే పిల్లలు చాలామందే ఉన్నారు. వారికి సీ భాష పాఠంలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఒక మూలన వచ్చిపోతాయి. లినక్స్‌లో ప్రోగ్రాము తెలుగులో పలకాలా, ఇంగ్లీషులోనా అన్నది నిర్ణయించేవి ఇవే. అందుకే ఈ వివరాలు ఇస్తున్నాము. కింద చెప్పే పేర్లన్నీ ప్రోగ్రాములో ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి.

ఇవి ఏమిటి?

ప్రతి ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు సిస్టమ్ దాని చేతికి ఒక జాబితా ఇస్తుంది. అందులో ప్రతి వరుసా ‘పేరు, సమాన గుర్తు, విలువ’ అన్న రూపంలో ఉంటుంది. హోమ్ అంటే మన ఫోల్డరు, పాత్ అంటే కమాండ్లను వెతికే చోట్లు, లాంగ్ అంటే భాష. ఈ ఏర్పాటు 1979 నాటి యూనిక్స్ ఏడవ వెర్షన్‌తో వచ్చింది.

చదవడం

దీనికి గెట్‌ఎన్వ్ అనే ఫంక్షన్ ఉంది. ఎస్‌టీడీలిబ్ హెడరు చేర్చి, పేరు ఇస్తే విలువ ఉన్న చోటి పాయింటరు తిరిగి వస్తుంది. ఇది సీ ప్రమాణంలోనే ఉంది కనుక లినక్స్, విండోస్ రెండింటిలోనూ పనిచేస్తుంది. రెండు జాగ్రత్తలు:

1. ఆ పేరు లేకపోతే నల్ వస్తుంది. దాన్ని పరీక్షించకుండా వాడితే ప్రోగ్రాము కూలిపోవచ్చు.

2. వచ్చిన విలువను అక్కడే దిద్దరాదు. కావాలంటే నకలు తీసుకోవాలి. నకలుకు చోటు లెక్కగట్టి ఇవ్వాలి. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు. కంటికి ఐదు అక్షరాలుగా కనిపించే ‘వెంకటేశ్వర్లు’ అన్న పేరులో గుణింతాలు, వత్తుల పొల్లులు కలిపి 13 గుర్తులు ఉన్నాయి. అంటే 39 బైట్లు, చివరి సున్నాతో 40. ఇంగ్లీషు లెక్కన 20 బైట్ల చోటు పెడితే మన పేరు సగంలో తెగిపోతుంది, లేదా పక్క మెమరీ పాడవుతుంది.

మార్చడం

లినక్స్‌లో సెట్‌ఎన్వ్ వాడాలి. దీనికి మూడు విషయాలు ఇవ్వాలి: పేరు, విలువ, ఒక అంకె. అంకె 0 అయితే పాత విలువ ఉన్నచో దాన్ని కదపదు. 1 అయితే దాని బదులు కొత్తది రాస్తుంది. పని జరిగితే 0, జరగకపోతే -1 తిరిగి వస్తుంది. పేరులో సమాన గుర్తు ఉండకూడదు. తీసివేయడానికి అన్‌సెట్‌ఎన్వ్ ఉంది. పుట్‌ఎన్వ్ అనే పాత పద్ధతి మనమిచ్చిన స్ట్రింగునే నేరుగా జాబితాలో కలుపుకుంటుంది. ఫంక్షన్ లోపలి లోకల్ అర్రేను దానికి ఇవ్వరాదు. విండోస్‌లో సెట్‌ఎన్వ్ లేదు; మొదట్లోనూ, చివరి ‘ఎస్’కు ముందూ అండర్‌స్కోర్ ఉండే మైక్రోసాఫ్ట్ వారి పుట్‌ఎన్వ్-ఎస్ వాడుకోవాలి. పలు థ్రెడ్లు నడిచే ప్రోగ్రాములో మార్పులన్నీ థ్రెడ్లు మొదలు కాకముందే చేసుకోవడం క్షేమం.

మార్పు ఎంతవరకు?

విద్యార్థులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ప్రోగ్రాము దగ్గర ఉన్నది నకలు మాత్రమే. బ్రాంచి ఆఫీసుకు వచ్చిన సర్క్యులరు ప్రతిని దిద్దితే హెడ్డాఫీసులోని అసలు మారదు కదా, ఇదీ అంతే. మన మార్పు ఆ ప్రోగ్రాముకూ, ఆ తరువాత అది ప్రారంభించే ప్రోగ్రాములకూ వర్తిస్తుంది. దాన్ని నడిపిన టెర్మినల్‌కు మాత్రం అంటదు.

తెలుగుకు ఉపయోగం

సీ ప్రోగ్రాము మొదలైనప్పుడు భాష విషయంలో ‘సీ’ అనే మూల అమరికలో ఉంటుంది. సెట్‌లొకేల్ ఫంక్షన్‌కు అన్ని విభాగాలూ అని చెప్పి ఖాళీ స్ట్రింగు ఇస్తే, అప్పుడు అది ఎన్విరాన్‌మెంట్‌ను చూస్తుంది. ముందు ఎల్‌సీ-ఆల్, తరువాత ఆయా విభాగాల ఎల్‌సీ వేరియబుల్స్, చివరికి లాంగ్, ఇదీ వరుస. తెలుగు లొకేల్ పేరు ‘టీఈ’, అండర్‌స్కోర్, ‘ఐఎన్’. మొదటిది తెలుగు, రెండవది ఇండియా. అందులో రాష్ట్రం ప్రసక్తే లేదు. హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, యానాంలో ఉన్నా పెట్టుకోవలసింది ఆ ఒక్క పేరే. ఆ లొకేల్ కంప్యూటరులో ఇన్‌స్టాల్ అయి ఉండాలి. లేకపోతే సెట్‌లొకేల్ నల్ ఇస్తుంది.

గ్నూ గెట్‌టెక్స్ట్ వాడే ప్రోగ్రాములకు లాంగ్వేజ్ అని ఇంకొక వేరియబుల్ ఉంది. ఇందులో కోలన్ గుర్తుతో భాషలను వరుసగా ఇవ్వవచ్చు. బెంగళూరు ఇంట్లో ‘టీఈ:కేఎన్:ఈఎన్’ అని పెడితే తెలుగు అనువాదం ఉంటే తెలుగు, లేకుంటే కన్నడం, అదీ లేకుంటే ఇంగ్లీషు వస్తుంది. తమిళనాడు వారు మధ్యలో ‘టీఏ’, ఒడిశా వారు ‘ఓఆర్’, మహారాష్ట్ర వారు ‘ఎంఆర్’ పెట్టుకోవచ్చు. అయితే లొకేల్ ‘సీ’గా ఉంటే ఈ జాబితాను పట్టించుకోదు.

మన పిల్లలు ప్రోగ్రాము రాసేటప్పుడు మెయిన్‌లో మొదటి వరుసగా ఆ సెట్‌లొకేల్ పిలుపు పెట్టి, వాక్యాలను గెట్‌టెక్స్ట్ ద్వారా చూపిస్తే, తెలుగు అనువాదం ఎప్పుడు తయారైనా అసలు ప్రోగ్రామును ముట్టుకోకుండానే చేర్చవచ్చు. ప్రాజెక్టు పని చేస్తున్నవారు ఈ ఒక్క అలవాటు చేసుకోవలసిందిగా మనవి.