పాలమూరు ప్రాంత స్వీయచిత్రణ

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 వరకు మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలోని ప్రాంతాలు. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు గద్వాల ప్రాంతీయుడైన సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి బదులిచ్చాడు. (ఈయన 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికయ్యాడు.) ఆ తరానికి సాధనం అచ్చు. తరువాతి తరాలను సినిమా చిత్రించింది. అందులో తెలంగాణ యాస చాలాకాలం ఎక్కువగా హాస్యపాత్రలకు, ప్రతినాయకులకే దక్కింది.

నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న వంటి వీరుల కథలు ఊరూరా పాడేవాడు. 2021లో యూట్యూబులో విడుదలైన భీమ్లా నాయక్ చిత్రగీతంతో ఆయన యువతరానికి పరిచయమయ్యాడు. 2022లో పద్మశ్రీ లభించింది. అయితే ఆ గీతంలో ఆయన గొంతు వినిపించేది ఆరంభంలోనే. సుదీర్ఘమైన కథాగానానికి అందులో చోటు లేదు. నేటి యువకులు సెల్‌ఫోనుతో తమ యాసలోనే హ్రస్వచిత్రాలు తీస్తున్నారు. వీరికి సంపాదకుని అనుమతి అక్కరలేదు.